మాగ్నమ్ తన్నుకు నేనిచ్చిన మార్కులు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు. కానీ ఆ ఉద్యోగం అయిపోయింది, ఆ ఊరు వదిలి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వచ్చేశాను, అక్కడి మనుషులు ఇక నన్ను చూడబోరు. అది చాలనుకుంటాను. మీలో కొత్తగా ప్రాజెక్టులకు వెళ్ళేవాళ్ళు "అక్కా, క్లయింట్ దగ్గర ఎలా ఉండాలి?" అని అడుగుతుంటారు. "బాగా వినండి, తక్కువ మాట్లాడండి" అని చెప్పి తప్పించుకుంటాను. నేను అలాగే ఉన్నాను కాబట్టి అదే చెబుతాను. అలా ఉండి ఏం చేశానో ఎప్పుడూ చెప్పలేదు.

స్మార్ట్‌ఫోన్లు అందరి చేతుల్లోకి అప్పుడే వస్తున్న రోజులు. ఆర్కాన్సాలో ఒక చిన్న ఊరు. వేట సామాన్లు, చేపల గాలాలు, గుడారాలు అమ్మే కంపెనీ వెబ్‌సైట్‌కి నేను కాంట్రాక్టర్‌ని. మాస్టర్స్ అయ్యాక దొరికిన మొదటి ప్రాజెక్టు. పని ఏమిటంటే, కొనేవాళ్ళు నాలుగైదు ప్రశ్నలకు జవాబు చెబితే వాళ్ళకు ఏ కాలిబర్ రైఫిల్ సరిపోతుందో చూపించే పేజీ తయారుచేయడం. ఏ జంతువును వేటాడబోతున్నారు, ఎంత దూరం నుంచి, మీ ఎత్తెంత, బరువెంత, ఇదివరకు కాల్చారా. జవాబులు నొక్కితే ఒక తుపాకీ బొమ్మ వస్తుంది, కింద 'కార్ట్‌లో వేయి' అని పచ్చ బటన్.

ఇంట్లో బల్లి కనిపిస్తే తోలడానికి రూమ్మేట్‌ను పిలిచే మనిషిని నేను. గుడ్డు కూడా తినను. అయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం లేకుండా పుస్తకాలు చదివి నేర్చుకోవచ్చు. ఊరి లైబ్రరీలో వేట పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. వాటిని వరసగా తెచ్చుకుని నవలల్లా చదివాను. కాలిబర్ అంటే తూటా లావు అని, దాని వెనక మందు ఎంత కూరితే అంత దూరం, అంత బలంగా పోతుందని తెలిసింది. ఎల్క్ అంటే మన దుప్పి లాంటిదే, కాకపోతే గేదెంత ఉంటుందని తెలిసింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి తెలిసింది. పెద్ద తూటా అయితే జంతువు త్వరగా పడిపోతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పెద్ద తూటాకు పెద్ద తన్ను. రైఫిల్ వెనక్కి వచ్చి భుజాన్ని తంతుంది. ఆ తన్నుకు భయపడ్డ మనిషి ట్రిగర్ నొక్కే ముందే కళ్ళు మూసి భుజం బిగిస్తాడు. గురి జారుతుంది. చిన్న తూటా సరైన చోట తగిలితే జంతువు అక్కడే పడుతుంది. పెద్ద తూటా పొట్టలో తగిలితే అది కొండలెక్కి, ఎవరికీ కనబడకుండా చస్తుంది.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా టీమ్ లీడ్ గుంటూరు వైపు మనిషి. మేమంతా ఆయన్ని అన్నా అనేవాళ్ళం. మనసు మంచిది, కానీ క్లయింట్ ముందు ఆయనకు మేమంతా పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలం. క్లయింట్ తరఫున మాతో పనిచేసింది రైఫిళ్ళ కొనుగోళ్ళు చూసే పెద్దాయన. అరవై దాటినవాడు, తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చేంత ఎత్తు. (ఆయన మాటల్ని, మిగతా అమెరికన్ల మాటల్ని నాకు తెలుగులో ఎలా గుర్తున్నాయో అలాగే రాస్తున్నాను.) ఒకరోజు మీటింగ్‌లో ఆయన నా స్ప్రెడ్‌షీట్ చూసి, కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు:

"లెక్కలు బాగున్నాయి. మీలో ఒక్కరైనా తుపాకీ కాల్చారా?"

అందరం మా అన్న వైపు చూశాం.

"ఈత రానివాళ్ళ దగ్గర ఈత నేర్చుకోమంటున్నాం జనాన్ని. శనివారం మా పొలానికి రండి."

ఆ శనివారం ఆయన పొలంలో ఐదుగురం. ఆయన భార్య మాకు నిమ్మరసం కలిపి పెట్టింది. అందరికీ మాంసం శాండ్‌విచ్‌లు, నాకొక్కదానికి విడిగా వేరే పెనం మీద జున్ను రొట్టె కాల్చి తెచ్చింది. "ఇది కొత్త పెనం, దీనిమీద ఇంతకుముందు ఏమీ వండలేదు" అని చెప్పింది. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పెట్టినవాళ్ళ ఇంట్లో ఏదైనా బాగాలేదని ఎలా అంటాం? మన ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లలకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా "బాగుందండీ" అంటాం, ఇంకొంచెం వేయించుకుంటాం.

మూడు రైఫిళ్ళు పెట్టాడాయన బల్ల మీద. చిన్న తన్నుది, మధ్యరకం, చివరిది మాగ్నమ్, అంటే మందు బాగా ఎక్కువ కూరిన తూటాది. మాగ్నమ్‌ను కొండలెక్కడానికి తేలికగా చేశారు. తుపాకీ ఎంత తేలికైతే తన్ను అంత ఎక్కువని పుస్తకంలో చదివాను. ఒక్కొక్కటి కాల్చాక ఆయన అడిగేవాడు, "పదికి ఎంత? పది అంటే ఇంక జన్మలో ముట్టుకోను అని."

మొదటిదానికి రెండు అన్నాను, నిజమే చెప్పాను. రెండోదానికి మూడు అన్నాను. అది అయిదు. మూడోది కాల్చినప్పుడు నాకు ఏమీ వినిపించలేదు. భుజం ఊడి వెనక పడిపోయిందనుకున్నాను. నోట్లో పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. తిరిగి చూస్తే అందరూ నావైపే చూస్తున్నారు. అప్పటికే మా టీమ్‌లో ఇద్దరు మగపిల్లలు ఆ రైఫిల్ కాల్చి "అబ్బా" అని భుజం పట్టుకుని గంతులేశారు, అందరూ నవ్వారు. నేను రైఫిల్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. నవ్వాను కూడా.

"ఎలా ఉంది?" అన్నాడు పెద్దాయన.

"ఫైన్" అన్నాను.

"నిజంగా?"

"ఫైన్."

"పదికి?"

"నాలుగు."

ఆయన భార్య దూరం నుంచి "ఆ పిల్ల భుజం ఒకసారి చూడండి" అంది. ఆయన వినిపించుకోలేదు. గట్టిగా నవ్వి నా వీపు తట్టాడు. "నా కొడుకులు ఇంతకంటే ఎక్కువ ఏడ్చారు!" అన్నాడు. మా అన్న ఛాతీ ఉబ్బించి, "మావాళ్ళు కంప్లయింట్ చేయరు సార్" అన్నాడు.

మర్యాద కోసం అబద్ధం చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది మొదటి 'ఫైన్' వరకే. రెండో 'ఫైన్' వేరు. 'నిజంగా?' అన్న ఆయన గొంతులో మెప్పు వినిపించింది. ఆ ఆఫీసులో చేరిన అన్ని నెలల్లో నలుగురిలో ఎవరైనా నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది నాకు బాగా నచ్చింది. ఇంకోసారి వినాలనిపించింది.

ఇంటికి వెళ్ళాక చొక్కా తీయడానికి చెయ్యి లేవలేదు. కరీంనగర్ అమ్మాయి నా రూమ్మేట్, తను వచ్చి సాయం చేసింది. భుజం చూసి ఆగిపోయింది.

"ఏందే ఇది? ఎవడన్న కొట్టిండా?"

"తుపాకీ."

"తుపాకీ కొడుతదా? గిట్ల నల్లగైతదా?" తను ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి తెచ్చింది. "మరి ఆ ముసలాయనకు చెప్పినవా?"

"ఎందుకులే. పాపం, పిలిచి భోజనం పెట్టారు."

"భోజనం పెడితే బొక్కలు ఇరగ్గొట్టించుకుంటవా? నీ అసొంటి పిచ్చిదాన్ని నేను సూడలే."

రెండు వారాలు జడ తనే వేసింది. ఆ రాత్రి డైరీలో, 'ఈరోజు రైఫిల్ కాల్చాను. సరదాగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు' అని రాసుకున్నాను. తాళం వేసి దాచుకునే డైరీలో కూడా.

తర్వాత జరిగింది మన ఫీల్డ్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. తన్ను ఎంత ఓర్చుకోగలరు అని కొనేవాళ్ళనే అడుగుదామనుకున్నాం మొదట. అందరూ ఎక్కువే చెప్పుకుంటారని పెద్దాయన ఆ ప్రశ్న తీసేయించాడు. దాని బదులు మేం కాల్చి ఇచ్చిన మార్కులు వాడుదామన్నాడు. 'చిన్న శరీరం, అనుభవం లేదు' అనే గడిలో ఒక్కరే ఉన్నారు. నేను. నాలుగు అంటే ఓర్చుకోగలరని లెక్క కాబట్టి, ఆ గడిలో తన్ను హద్దు పుస్తకాలు చెప్పేదానికంటే చాలా పైన పడింది. రివ్యూలో మా అన్న దాన్ని చూసి ఆగాడు.

"ఇది కొంచెం ఎక్కువ కదమ్మా? నువ్వు చదివిన వాటిలో ఎలా ఉంది?"

"తక్కువ ఉంటుంది అన్నా."

"మరి?"

"టెస్ట్‌లో నాలుగే వచ్చింది కదా."

"వచ్చింది ఎవరికి, నీకే కదా. నీకు ఓకేనా?"

"ఓకే అన్నా."

ఆ అంకె కోడ్‌లో నా వేళ్ళతోనే టైప్ చేశాను. వేసవిలో పేజీ విడుదలైంది. కేక్ కోశారు.

ఆ ఆఫీసులో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు కింది అంతస్తులో కస్టమర్ కేర్‌లో పనిచేసేది. నా ఎత్తే, నాకంటే పదేళ్ళు పెద్ద. లంచ్‌లో నా పెరుగన్నం డబ్బా చూసి "ఇది డెజర్టా?" అని మొదలుపెట్టి, నాకు కారు నడపడం నేర్పించేదాకా వచ్చింది. వాళ్ళ నాన్న, ఇద్దరు అన్నలు ఏటా కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకు వెళ్తారు. తను మాత్రం చిన్నప్పటి నుంచి క్యాంప్‌లో వంటకే. ఆ ఏడాది తన పేరు మీద ఒక ఎల్క్‌ను వేటాడే పర్మిట్ వచ్చింది. అన్నలు నవ్వారట. "చెల్లి ఎల్క్‌ను కాల్చేలోపు అది ముసలిదై చచ్చిపోతుంది" అన్నాడట పెద్దన్న. నాన్న మాత్రం ఏమీ అనకుండా తన పాత బూట్లకు నూనె రాశాడట. ఆ ఏడాది క్యాంప్‌లో తనది ఏ చోటో, వంట దగ్గరో వాళ్ళ పక్కనో, ఆ ఒక్క వేటతో తేలిపోతుందని తనకు తెలుసు. నాతో అలాగే అంది.

ఒక మధ్యాహ్నం బ్రేక్‌రూమ్‌లో నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. "నీ మాయపేజీ ఏం చెబుతుందో చూద్దాం, హనీ." జవాబులు నొక్కింది. ఎల్క్. రెండు వందల గజాలు. అయిదడుగుల ఒక అంగుళం. మొదటిసారి. తెరమీద తేలిక మాగ్నమ్ వచ్చింది.

"ఇంత పెద్దదా?" అంది. "నాన్న సెవెన్-ఓ-ఎయిట్ చాలంటున్నాడు. చిన్న తన్ను, నా చేతికి సరిపోతుందని." నావైపు తిరిగింది. "నువ్వు కాల్చావు కదా దీన్ని? ఎలా ఉంది? నిజం చెప్పు."

గదిలో మా అన్న కాఫీ కలుపుకుంటున్నాడు. పెద్దాయన మైక్రోవేవ్ ముందు నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన అటునుంచే కేకేశాడు. "ఈ పిల్ల దాన్ని ఆడుకునే బొమ్మలా కాల్చింది. నా కొడుకులకు ఇప్పటికీ అదే చెబుతుంటాను!"

తను ఆయన మాట పట్టించుకోలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. నాకంటే ఎత్తుగా, బలంగా ఉన్న ఏ మగవాడి మాటా వద్దు, నీ మాటే కావాలి అన్నట్టుంది.

"బాగానే ఉంది," అన్నాను. "అలవాటైపోతుంది."

రెండో మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను.

తను ఆ రైఫిలే కొంది. నవంబరులో వెళ్ళింది, వచ్చింది. వచ్చినరోజు లంచ్‌కి రాలేదు. మర్నాడు వచ్చి, డబ్బా తెరవకుండా కూర్చుంది.

"కాల్చాను. తగిలింది. దొరకలేదు." అంతే చెప్పింది. కాసేపటికి, "ట్రిగర్ నొక్కేటప్పుడు భయపడ్డాను అనుకుంటా. కళ్ళు మూసుకున్నాను. నాన్న చూశాడు."

వాళ్ళ క్యాంప్‌లో ఒక కట్టుబాటు ఉందట. ఎవరి తూటాకైనా జంతువు రక్తం కనిపిస్తే ఆ మనిషి పర్మిట్ అయిపోయినట్టే. దొరికినా దొరకకపోయినా. చట్టం మళ్ళీ కాల్చుకోవచ్చన్నా సరే, వాళ్ళ తాత కాలం నుంచి అలాగే. తను పర్మిట్ తీసి నాన్న చేతికిచ్చి, మిగతా రోజులు వంట చేసింది.

"అన్నలు ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. నవ్వి ఉంటే బాగుండేది." మూత తీసి మళ్ళీ పెట్టింది. "ప్రాక్టీసులో రోజూ నొప్పి పుట్టేది. భుజం వాచేది. కానీ నువ్వు, ఇంతలేని మనిషివి, ఒక్క మాట అనకుండా కాల్చావు కదా అనుకునేదాన్ని. నీకు లేని నొప్పి నాకెందుకు, నేనే సుకుమారంగా పెరిగాననుకున్నాను. అన్నలకు కూడా చెప్పలేదు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు. "అయ్యో" అన్నాను. నా భాషలోనే అన్నాను. తనకు అర్థమయినట్టు తలూపింది, ఇంకా ఘోరం.

తర్వాత మూడు వారాలు లంచ్‌కి లైబ్రరీ పుస్తకం పట్టుకుని కారులో కూర్చున్నాను. ఒకరోజు బ్రేక్‌రూమ్ బోర్డు మీద కాగితం కనిపించింది, తన చేతిరాత. మాగ్నమ్ అమ్మబడును, కొత్తదే. కింద ఇంకో వరస: వేట బూట్లు, ఆడవాళ్ళ సైజు, వేట కోటు, బైనాక్యులర్స్. అన్నీ. తుపాకీ ఒక్కటే అయితే నేను ఇంకా కొన్నాళ్ళు నెట్టుకొచ్చేదాన్నేమో. ఆ బూట్లు చూశాక నెట్టుకురాలేకపోయాను.

సాయంత్రం పార్కింగ్‌లో తన పికప్ దగ్గర నిలబడ్డాను. తను కిటికీ దించింది.

"నాకూ నొప్పి పుట్టింది," అన్నాను.

"ఏమిటి?"

"ఆ తుపాకీ. రెండు వారాలు చెయ్యి పైకి లేవలేదు. రూమ్మేట్ జడ వేసింది. నల్లగా అయింది. నాలుగు కాదు. తొమ్మిది. నేను అబద్ధం చెప్పాను. అందరికీ. నీకూ."

వెక్కిళ్ళు వస్తున్నాయి నాకు. తను ఇంజను ఆపింది.

"నేను బ్రా పట్టీ అటువైపు వేసుకోలేకపోయాను," అంది. "పది రోజులు." తర్వాత నావైపు తిరిగింది. గొంతు మారింది. "మూడు వారాలు కారులో కూర్చున్నావు. నేను చూశాను. నా దగ్గర ఎల్క్ వాసన వస్తోందేమో, శాకాహారి పిల్ల కదా, అసహ్యపడుతోందేమో అనుకున్నాను."

"సారీ."

"నాకు చెప్పకు. పైకి నడువు. ఆయన ఇంకా ఉన్నాడు, లైటు వెలుగుతోంది."

తను కూడా వచ్చింది, సాయానికి కాదు, చెబుతానో లేదో చూడడానికి. పెద్దాయన, మా అన్న ఏదో మాట్లాడుకుంటున్నారు. నిలబడే చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వ్యాకరణం పోయింది, 'తొమ్మిది' అని మూడుసార్లు అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు మా ఆవిడ నీ భుజం చూడమంది," అన్నాడు. "నేను చూడలేదు. నీ నాలుగు నాకు ఎంతో నచ్చింది. నా కొడుకుల్ని ఏడిపించడానికి." ఎదురుగా కూర్చుని నన్ను తిట్టి ఉంటే ఇంటికి వెళ్ళి నిద్రపోయేదాన్ని.

మా అన్న నన్ను కారిడార్‌లోకి లాక్కెళ్ళాడు. "ఇంత చిన్న విషయం అప్పుడే చెప్పొచ్చు కదమ్మా? నేనేమన్నా పులినా?"

"మీరే కదా అన్నా, మావాళ్ళు కంప్లయింట్ చేయరని ఆయనతో అన్నది."

"అది... మెచ్చుకోలుగా అన్నాను."

"నాకూ మెచ్చుకోలుగానే వినిపించింది."

ఆయన తలుపు తెరిచి పట్టుకుని, "ఆ అంకె మార్చు పో, నేను పక్కన కూర్చుంటాను" అన్నాడు. ఆ రాత్రే అంకె మార్చి, మళ్ళీ అంతా సరిచూసేదాకా పేజీ మూసేశాం. ఏడాది చివర నా కాంట్రాక్ట్ పొడిగించలేదు. దీనివల్లే అని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు.

కానీ అది తర్వాతి సంగతి. మర్నాడు పొద్దున పెద్దాయన ఇంకో పని పెట్టాడు. ఆ గడి చూపించిన మాగ్నమ్ కొన్న చిన్న శరీరాల వాళ్ళందరికీ కస్టమర్ కేర్ నుంచి ఫోన్ చేయాలి. కావాలంటే ఉచితంగా చిన్నదానికి మార్చి ఇస్తామని చెప్పాలి. ఆ ఫోన్లు నా స్నేహితురాలే చేస్తానంది. నంబర్లు చదవడానికి నన్ను పక్కన కూర్చోమంది. కొత్తవాళ్ళు వినడానికి పెట్టే రెండో హెడ్‌సెట్ నా తలకు తగిలించింది. ఫోన్లు చేసిన రెండు రోజులూ తను నాతో నంబర్ల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

"మీ రైఫిల్ ఎలా ఉంది, మేడమ్?" అని అడిగేది.

"ఫైన్" అనేవాళ్ళు. దాదాపు అందరూ. "బాగుంది," "ఏం ఫర్వాలేదు," "లవ్ ఇట్." ఒకావిడ, "మా ఆయన పుట్టినరోజుకు కొనిచ్చాడు, చాలా బాగుంది" అని గబగబా అంది. నాకు ఆ గొంతులన్నీ తెలుసు. నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవేమో.

మొదటి కొన్ని ఫోన్లకు తను సరే అని పెట్టేసింది. ఆ తర్వాత ఒక ఫోన్‌కి పెట్టలేదు. మోంటానా నుంచి ఎవరో పెద్దావిడ. "ఫైన్" అంది ఆవిడ కూడా. నా స్నేహితురాలు కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత స్క్రీన్ మీద రాసిచ్చినది కాకుండా తన గొంతుతో మాట్లాడింది.

"నేను కూడా అదే కొన్నాను, మేడమ్. నాకు చాలా నొప్పి పుట్టింది."

ఆవిడ, "అలాగా," అంది. ఇంకాసేపటికి, "నాకే అనుకున్నాను."

"నేను ఒక ఎల్క్‌ను గాయపరిచి పోగొట్టుకున్నాను," అంది తను. నావైపు చూడడం లేదు. ఎదుటి గోడ చూస్తోంది. "రెండు రోజులు వెతికాం. మంచులో అది పడుకున్న గుంటలు కనిపించాయి. పడుకోవడం, లేవడం, మళ్ళీ పడుకోవడం. గుంట గుంటకూ రక్తం తగ్గుతూ వచ్చింది. మా నాన్న ప్రతి గుంటలో చెయ్యి పెట్టి చూసేవాడు, వెచ్చగా ఉందేమోనని. చివరిది చల్లగా ఉంది. అవతల ఎవరిదో పొలం కంచె. మేం దాటకూడదు. నాన్న అక్కడే నిలబడి చాలాసేపు ఆ వైపు చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు."

ఇది తను నాకు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పదని ఆ క్షణంలో అర్థమైంది. ఆ హెడ్‌సెట్ లేకపోతే నేను అది విని ఉండేదాన్ని కాదు. మాంసం తినను కాబట్టి చావులతో నాకు సంబంధం లేదన్నట్టు ఇరవై ఏళ్ళు పైగా బతికాను. నా చెవి దగ్గరే, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి, నా వల్ల జరిగిన చావును తను వివరంగా చెబుతోంది. తీసేసి పారిపోవాలనిపించింది. తీయలేదు. నేను చేయగలిగింది వినడం ఒక్కటే.

"మళ్ళీ వెళ్తావా?" అని అడిగింది మోంటానా ఆవిడ.

తను పెన్ను కింద పెట్టింది. "వేట సామాన్లు అమ్ముతానని ఆఫీసు బోర్డు మీద పెట్టిన కాగితం తీసేశాను," అంది. "నిన్న మా అన్నలకు ఫోన్ చేసి నాకు నొప్పి పుట్టేదని చెప్పాను. పెద్దవాడు నవ్వుతాడనుకున్నాను. తన రైఫిల్‌తో తనకూ నొప్పేనట, ఎన్నాళ్ళ నుంచో. నాన్నకు తెలిసిపోతుందని చెప్పలేదట." చిన్నగా నవ్వి, మళ్ళీ ఆపేసింది. "నాన్న నాకు సెవెన్-ఓ-ఎయిట్ చూస్తున్నాడు. వచ్చే ఏడాది పర్మిట్ వస్తే వెళ్తాను. రాకపోతే వంట చేస్తాను. కానీ వాళ్ళతో కూడా వంట చేయిస్తాను."

"నాకూ చిన్నది పంపు, అమ్మాయ్," అంది ఆవిడ.

తను ఆర్డర్ రాసుకుని ఫోన్ పెట్టేసింది. కాసేపు చేతులు కీబోర్డు మీదే ఉంచుకుని కూర్చుంది. నేను ఏదైనా అనాలని చూస్తోందా, ఏమీ అనకూడదని చూస్తోందా, నాకు తెలియలేదు. ఏమీ అనలేదు నేను. ఈసారి అది పిరికితనం కాదనుకుంటాను. అయినా ఖచ్చితంగా చెప్పలేను.

"తర్వాతి నంబరు చదువు," అంది.

చదివాను.